‘ఎందుకంటే’ మాస్టారికి తెలియని సంగతి

ఆ ఆఫీసులో కుర్చీలన్నీ మోకాలెత్తువే. పిల్లలు చూసే సైన్సు వీడియోలు పిల్లలకు పనికొస్తాయో లేదో తేల్చడం అక్కడి పని. తేల్చేవాళ్ళు కూడా పిల్లల ఎత్తులోనే కూర్చోవాలని వెనకటికి ఎవరో రూలు పెట్టారు. పెట్టినాయన ఈపాటికి రిటైరై పడక్కుర్చీలో హాయిగా ఉండుంటాడు. మిగిలినవాళ్ళు మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఉద్యోగాలు వెలగబెడుతున్నారు.

రూళ్ళు ఇంకా ఉన్నాయి. ప్రతి జవాబుకీ ఏడేళ్ళ పిల్లలా మూడుసార్లు ‘ఎందుకు’ అని అడగాలి. వీడియోలో చూపించిన ప్రయోగాన్ని ఇంట్లో పెద్దవాళ్ళ ముందు చేసి, వచ్చింది వచ్చినట్టు ఫారంలో రాయాలి. ఛానెల్ నడిపే మనిషి మీద ఇష్టమున్నవాళ్ళు ఆ ఫారం మీద టిక్కు పెట్టకూడదు. ఈ చివరి రూలు అవసరం ఇంతవరకూ ఎవరికీ పడలేదు.

సోమవారం పొద్దున్నే ఒక పొడుగాటి మనిషి చేతిలో ఉత్తరంతో లోపలికి వచ్చాడు. అతన్ని చూడగానే పరిశీలకురాలి గుండె గుభేలుమంది. మూడు వారాలుగా స్క్రీను మీద రోజూ చూస్తున్న మొహమే. ‘ఎందుకంటే’ అనే ఛానెల్ నడిపే మాస్టారు.

“ఇది రాసింది ఎవరండీ?”

“నేనేనండి. కూర్చోండి.”

అతను కుర్చీ వంక అనుమానంగా చూసి, కూర్చున్నాడు. మోకాళ్ళు చెవుల దాకా వచ్చాయి. ఆ భంగిమలో కోపం నిలబెట్టుకోవడం ఎవరి తరమూ కాదు. అయినా పాపం ప్రయత్నించాడు.

“పదకొండు వీడియోలు బాగున్నాయన్నారు. పన్నెండోది, నాడి గురించి చెప్పింది, తప్పుడు సమాచారం అన్నారు. కదలకుండా కూర్చున్న పెద్దవాళ్ళ నాడి మామూలుగా నిమిషానికి అరవై నుంచి వంద మధ్య కొట్టుకుంటుందని చెప్పాను. ఇందులో తప్పేముంది?”

“నాకు నూట పన్నెండు వచ్చింది.”

“మెట్లెక్కి వచ్చి చూసుకున్నారేమో.”

“సోఫాలో కూర్చునే చూసుకున్నానండి. మీ వీడియో చూస్తూ.”

“జ్వరమేమైనా...”

“లేదు. అదీ చూసుకున్నాను. జతచేసిన ఫారం కింద మా అమ్మమ్మ సాక్షి సంతకం ఉంది చూడండి.”

ఆ సాక్షి ఆ రోజు చేతి గడియారం పట్టుకుని లెక్కపెట్టింది. “మెట్లెక్కలేదు, దిగలేదు, ఏమిటే ఈ పరుగు?” అంది. వీడియోదే తప్పని మనవరాలు చెబితే, “అవునే, వీడియోదే తప్పు. కుర్రాడు బావున్నాడు” అని సంతకం పెట్టింది. ఆ మాట రాయడానికి ఫారంలో గడి లేకపోయింది.

“ఇంకోటి కూడా ఉందండి,” అంది ఆమె, గొంతు సవరించుకుని. “ముప్ఫై ఒకటో గడి. పిల్లలకి చెప్పే మనిషి ఒక్కసారైనా ‘నాకు తెలీదు’ అనాలి. మీరు పన్నెండు వీడియోల్లోనూ అనలేదు.”

“తెలిసినవాటిని తెలీదని ఎలా అంటానండీ?”

“అన్నీ తెలిసిన మనిషి ముందు పిల్లలు అడగడం మానేస్తారు. మా సైన్సు టీచర్‌కి అన్నీ తెలుసు. ఐదేళ్ళూ ఆవిడ ముందు నేను నోరెత్తలేదు.”

అతను ఉత్తరం మడత పెట్టాడు, మళ్ళీ విప్పాడు. “శుక్రవారం బళ్ళలో చూపించే వీడియోల జాబితా అచ్చుకి వెళ్తోందండి. అందులో లేకపోతే నా ఛానెల్ మూతే. బళ్ళో ఉద్యోగం మానేసి మూడేళ్ళుగా దీన్నే నమ్ముకున్నాను.” ఉత్తరం జేబులో పెట్టుకుని, “మళ్ళీ పరీక్ష పెట్టండి. నా ఎదురుగా,” అన్నాడు.

ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. ఛానెల్ ఉండాలని అందరికంటే ఎక్కువగా కోరుకుంటున్నది తనే. కానీ వచ్చిన నూట పన్నెండుని డెబ్భై అని ఎలా రాస్తుంది?

గురువారం మళ్ళీ పరీక్ష. ఆఫీసు పెద్దసారు స్వయంగా వచ్చి చిన్న కుర్చీలో కూర్చున్నారు. ఇరవై ఏళ్ళుగా ‘ఎందుకు’ అని అడిగీ అడిగీ, ఇంట్లో జవాబు చెప్పే దిక్కు లేని మనిషి ఆయన. అమ్మమ్మ గడియారంతో సహా హాజరైంది. మాస్టారు రుజువు కోసం ఫోను స్టాండు మీద పెట్టి రికార్డింగు మొదలుపెట్టాడు.

ముందుగా పెద్దసారు వీడియో చూస్తూ నాడి చూసుకున్నారు. డెబ్భై. తర్వాత పరిశీలకురాలి వంతు. మాస్టారు ఎదురుగా ఉంటే నూట పద్దెనిమిది. వరండాలోకి పంపితే డెబ్భై నాలుగు. అయిందా అని తలుపు సందులోంచి తల పెడితే తొంభై ఆరు. పెద్దసారు కాగితం మీద గ్రాఫు గీసి తెగ ముచ్చటపడ్డారు.

“వీడియోలో లోపం లేదు. లోపమంతా ఈ మనిషిలోనే ఉంది,” అని తేల్చారాయన. “ఇతన్ని తీసేసి చూపిస్తే సరిపోతుంది.”

“నా వీడియోలోంచి నన్ను తీసేస్తే ఖాళీ బల్ల మిగుల్తుంది సర్,” అన్నాడు మాస్టారు. “కొలవడంలో ఎక్కడో పొరపాటుంది. నేను చూస్తాను.”

అతను ఆమె మణికట్టు మీద వేళ్ళు ఆనించాడు. ఆమె కిటికీ వైపు తల తిప్పేసుకుంది. బయట సన్నగా వాన మొదలైంది. తనకిప్పుడు ఎంత వస్తుందో తలుచుకుంటేనే సిగ్గేసింది.

“ముప్ఫై ఏడు, ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది, ముప్ఫై...” అతను ఆగాడు. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. ఈసారి ఇరవై దగ్గరే తప్పాడు. మూడోసారి పదమూడు దాటలేదు. పిల్లలకి లెక్కలు కూడా చెప్పిన మనిషి.

“ఎందుకు తప్పుతున్నారు?” అన్నారు పెద్దసారు, రూలు ప్రకారం.

“ఎందుకంటే... ధ్యాస నిలవట్లేదు సర్.”

“ఎందుకు?”

“ఎందుకంటే, ఈవిడ చెయ్యి పట్టుకున్నప్పటి నుంచి నా గుండె చప్పుడే నాకు వినపడుతోంది. ఏది ఈవిడదో ఏది నాదో తేలట్లేదు.”

“ఎందుకు?”

మాస్టారు ఆమె వైపు చూశాడు. మూడు రోజుల కిందట తనతో వాదించి, తన వీడియోని తప్పన్న ఈ పిల్ల చెయ్యి వదలాలని అతనికి అనిపించడం లేదు.

“నాకు తెలీదు సర్,” అన్నాడు.

ఫోను రికార్డు చేస్తూనే ఉంది.

“ఇది వీడియో చివర కలిపితే ముప్ఫై ఒకటో గడి నిండినట్టే,” అన్నారు పెద్దసారు సంబరంగా. “టిక్కు పెట్టమ్మా, రేపటి జాబితాలోకి పంపిద్దాం.”

ఆమె పెన్ను తీసింది. గడి దాకా తీసుకెళ్ళి ఆపేసింది. టిక్కు పెట్టేసి ఊరుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. కానీ వచ్చింది వచ్చినట్టు రాయడం తప్ప ఆమెకు ఇంకోటి చేతకాదు.

“మీరే పెట్టాలి సర్. నేను పెట్టకూడదు.”

“ఎందుకు?”

“చివరి రూలు సర్.”

“ఎందుకు?”

“ఆయనంటే నాకు ఇష్టం సర్. పన్నెండో వీడియో నుంచి కాదు, మొదటి వీడియో నుంచి.” ఆమె చెవులు ఎర్రబడ్డాయి. “మిగిలిన పదకొండింట్లో నాడి కొలవమనలేదు కాబట్టి బయటపడలేదు. ఆ టిక్కులు కూడా మీరు మళ్ళీ చూసి పెట్టాలి.”

మాస్టారు గబుక్కున లేవబోయాడు. కుర్చీ కూడా అతనితో పాటే లేచింది. కుర్చీతోనే రెండడుగులు వేసి ఆమె ముందు నిలబడ్డాడు.

“సాయంత్రం మీ ఇంటికి వచ్చి మళ్ళీ లెక్కపెట్టనా?”

“మీకు పదమూడు దాటదు కదండీ.”

“రోజూ వచ్చి నేర్చుకుంటాను.”

పెద్దసారు ఆ పన్నెండు వీడియోలూ చూడ్డానికి ఫోను దగ్గరికి లాక్కున్నారు. అంతలో మూడో ప్రశ్న బాకీ ఉందని గుర్తొచ్చి, “ఎందుకు?” అన్నారు.

“ఆ ఒక్కటీ నన్నడుగు నాయనా, తీరిగ్గా చెప్తాను,” అంది అమ్మమ్మ. కళ్ళజోడు పెట్టుకుని మనవరాలి చేతిలోని పెన్ను అందుకుంది. మాస్టారిని కుర్చీతో సహా ఓసారి ఎగాదిగా చూసింది.

“సాక్షి సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పండి.”