ఎర్ర బండిలో ఫస్ట్ గేర్

ధడ్!

షట్టర్ లోపలికి వంగుతుంది.

ధడ్!! ఈసారి గడియ ఊడి నేల మీద పడుతుంది.

ఆమె బానెట్ మూసి వెనక్కి తిరుగుతుంది. చేతులకి గ్రీజు. గోళ్లలో ఎర్ర పెయింట్.

షట్టర్ పైకి లేస్తుంది. బయట అప్పుడే చీకటి పడింది. గుమ్మంలో మరిది... చేతిలో ఇనప రాడ్డు!

"ఎన్నిసార్లు పిలవాలి వదినా? చెవుడొచ్చిందా?"

"వినపడింది. తియ్యబుద్ధి కాలేదు."

వాడి చూపు ఆమె మీద లేదు. బండి మీద ఉంది.

పాత ఇటలీ స్పోర్ట్స్ కారు. తుప్పు పట్టిన రేకుల కుప్పగా ఉన్నప్పుడు ఆమె భర్త ఇంటికి తెచ్చుకున్నాడు. సగం బాగుచేశాడు. ఈ షెడ్డులోనే పోయాడు. బండి ఉన్నట్టుండి వెనక్కి దూకి ఆయన్ని గోడకేసి నలిపేసింది.

గేరులో వదిలేసి ఆయనే స్టార్ట్ చేసి ఉంటాడన్నారు పోలీసులు. చేజేతులా తెచ్చుకున్న చావన్నారు. ఫైలు మూసేశారు.

చేజేతులా! పొయ్యి ఆర్పాక కూడా రెండుసార్లు వంగి చూసే మనిషి! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఆమె పళ్లు పటపటమంటాయి.

మిగతా సగం ఆమె చేసింది. కార్బురేటర్లు విప్పి కడిగింది. అరచేతులు చిట్లేదాకా రేకుని రుద్దింది. ఆయన్ని నలిపినప్పుడు పగిలిన వెనక లైటు స్థానంలో కొత్తది బిగించింది. గోడ మీది మరకకి మాత్రం సున్నం వెయ్యలేదు.

"మళ్లీ స్టార్ట్ అయిందటగా. తాళం ఇవ్వు. కొనేవాడు మెయిన్ రోడ్డు మీద వెయిటింగ్!"

"మీ అన్నయ్య బండి ఇది. అమ్మను."

"అన్నయ్య లేడు. నువ్వేం చేసుకుంటావ్... కూరగాయలకెళ్తావా?"

"నువ్వెప్పుడైనా ఇది ఎక్కావా?"

"నా మీద ఒట్టు! స్టీరింగ్ కూడా ముట్టుకోలేదు. పోలీసులకీ అదేగా చెప్పింది. తాళం!"

రాడ్డు లేస్తుంది.

ఆమె పరిగెడుతుంది. బండికి ఇటు ఆమె... అటు వాడు. స్పానర్ల ట్రే గల్లుమని బోర్లా పడుతుంది. వాడు ఒక్క దూకు దూకి జడ పట్టుకుంటాడు. మణికట్టు మెలిపెడతాడు. తాళం వాడి చేతిలోకి!

డోర్ తీసి కూర్చుంటాడు.

వెనక చక్రాలకి పెయింట్ చిమ్మకుండా కట్టిన పాత దుప్పటి నేల దాకా వేలాడుతోంది.

"ఆ గుడ్డలు పీకు!"

"నువ్వే దిగి పీక్కో."

వాడు దిగడు. ఇంజన్ గర్జిస్తుంది.

కిటికీ పక్కన నిలబడ్డ ఆమె కళ్లు గేరు రాడ్డు మీదే ఉన్నాయి. నున్నటి చెక్క గుండు. దాని మీద అంకెల్లేవు. ఏ బండిలోనైనా ఫస్ట్ గేర్ ఎడమకి, పైకి. ఈ బండిలో అక్కడ రివర్స్ ఉంటుంది! ఫస్ట్ ఎడమకి, కిందికి. కొత్తగా ఎక్కినవాడు తప్పు చెయ్యాల్సిందే.

వాడి చెయ్యి కదులుతుంది.

ఎడమకి...

కిందికి.

తడుముకోకుండా!

ఆమె కిటికీ అంచు పట్టుకుని లోపలికి వంగుతుంది.

"ఎవడు చెప్పాడ్రా నీకు?"

"ఏంటి?"

"ఫస్ట్ అక్కడుందని! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడట. నువ్వు గేరు తడుముకోలేదు, అదే నీ ఖర్మ! ఆ రోజు బండి దొంగతనానికొచ్చావ్. ఆయన వెనకొచ్చి నిలబడ్డారు. నువ్వు పైకి వేశావ్!"

వాడి మొహం పాలిపోతుంది.

"పొరపాటు వదినా... ముందుకెళ్తుందనుకున్నా..."

"మరి ఎవర్నీ పిలవలేదేం? గోడకి అతుక్కున్న అన్నని వదిలేసి పారిపోయావే! దినం నాడు నా పక్కన కూర్చుని ఏడ్చావు కదరా!"

ఆమె బండి వెనక్కి నడుస్తుంది. మరకకి వీపు ఆనించి నిలబడుతుంది.

"ఇక్కడే! ఇదే గోడ! ఇప్పుడే స్టేషన్‌కెళ్లి చెప్తా."

అద్దంలో వాడి కళ్లు.

షెడ్డులో వాడికి ఇంకెవరూ కనపడరు. ఆమె మాత్రం పెయింట్ డబ్బాల అలమర వైపు ఒక్కసారి చూస్తుంది.

వాడి చెయ్యి లేస్తుంది. ఎడమకి...

పైకి!

క్లచ్ వదులుతాడు. ఇంజన్ అరుస్తుంది. దుప్పటి చక్రాలకి చుట్టుకుని పీలికలైపోతుంది!

బండి కదలదు.

రెండు చక్రాలూ గాల్లో గిర్రున తిరుగుతున్నాయి... నేలకి బెత్తెడు ఎత్తున, ఆమె పొద్దున బిగించిన జాకీల మీద!

అలమర వెనక నుంచి ఇన్‌స్పెక్టర్ దూకుతాడు. ఫైలు మూసింది ఈయనే. ఆమె పిలిస్తే ముందే వచ్చి దాక్కున్నాడు. పిస్టల్ వాడి కణతకి ఆనిస్తాడు.

"ఆపు బండి!"

"సార్... సార్! పొరపాటు! ఫస్ట్ అనుకున్నా సార్!"

ఆమె కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం లాగేస్తుంది. ఇంజన్ చచ్చిపోతుంది.

"ఫస్ట్ ఎక్కడుందో ఇందాకే చూపించావు కదరా!"