అచ్చియమ్మ అడిగిన టీ

ఆదివారం పొద్దున్న చిలకలగూడలోని ఆ ఇంట్లో ఎప్పటిలాగే ఇడ్లీ ఆవిర్లు, టీవీ రొద. అచ్చియమ్మ కుర్చీలోంచి కోడలిని కేకేసింది.

"లోవా, ఆ టీ ఇలా తేవే!"

ఆ కేక వింటే లోవలక్ష్మికి ప్రాణం లేచొచ్చినట్టుండేది. మామగారు పోలరాజు పోయి మూడేళ్లయింది. అప్పటినుంచీ అత్తగారు ఇది కావాలని నోరు తెరిచి అడిగితే ఒట్టు. పెడితే రెండు ముద్దలు, లేకపోతే అదీ లేదు. అలాంటిది, కిందటి నెల మనవరాలు దేవిక పుట్టినరోజుకి చైనీస్ హోటల్‌కి వెళ్తే, చిన్న కప్పుల్లో పోసిన టీని నాలుగుసార్లు పోయించుకుని తాగింది. ఇంటికొచ్చాక, "ఆ టీ మనింట్లో కాయలేవా?" అని కూడా అడిగింది.

ఇక చూడాలి కోడలి తిప్పలు! కొట్లో గ్రీన్ టీ తెచ్చింది. నిమ్మకాయ పిండింది, తేనె కలిపింది, ఆఖరికి పాలు కూడా పోసింది. "గడ్డి ఉడకెట్టినావేటే!" అని పక్కన పెట్టేసింది ముసలావిడ. చివరికి లోవలక్ష్మి సిగ్గు చంపుకుని ఆ హోటల్‌కే వెళ్లింది. సర్వర్ ఆర్థర్ డబ్బా మూత తీసి చూపించాడు.

"గిదే మేడమ్. పూలతోని చేస్తరు. రాంగోపాల్‌పేట్ల దొరుకుతది."

ఆకుల్లో ఎండిన మల్లెరేకులు! మామగారి పెద్దకర్మ నాటినుంచీ మల్లెపువ్వు ఆ ఇంటి గడప దాటి రాలేదు. చూస్తే అమ్మ కుమిలిపోతుందని ఆమె భర్త పైడిబాబు ఆంక్ష పెట్టాడు. పెళ్లామూ పెట్టుకోకూడదు, కూతురూ పెట్టుకోకూడదు. అయినా లోవలక్ష్మి ఆ టీ కొంది. ఆకు పాత హార్లిక్స్ సీసాలో పోసి, మల్లెపూల బొమ్మ ఉన్న అట్టపెట్టెని పోపుల డబ్బా వెనక దాచింది.

ఆ ఆదివారం ఏలక్కాయల కోసం వెతుకుతున్న పైడిబాబుకి ఆ పెట్టె దొరికింది.

"మల్లెపూల టీయా! ఇన్ని రోజుల్నించీ అమ్మకి ఇదా పోస్తున్నావు? నీకసలు బుద్ధుందా?"

ఆ అరుపు హాల్లోకి వినబడింది. దేవిక చేతిలో ఇడ్లీ చేతిలోనే ఉండిపోయింది. అయిపోయింది, ఇక ఈవిడ ఇది కూడా ముట్టదు అనుకుంది లోవలక్ష్మి.

అచ్చియమ్మ తాపీగా కప్పు ఖాళీ చేసి కింద పెట్టింది.

"దానిమీద అరుస్తావేటిరా? మొదటి గుక్కకే తెలిసింది నాకు."

పైడిబాబు ఆ పెట్టె పట్టుకుని హాల్లోకి వచ్చాడు.

"నలభై ఏళ్లు మీ నాన్న రోజూ మూర మల్లెలు తెచ్చి ఇచ్చినాడు. ఆ వాసన నాకు తెలీదేటి? తల్లో పెట్టుకోవద్దన్నారు. తాగొద్దని ఎవలన్నారు?"

"నువ్వు బాధపడతావనే కదమ్మా..."

"నన్నడిగినావా?" ఆవిడ కోడల్నీ మనవరాల్నీ చూపించింది. "నా పువ్వు తీసేసినారు, సరే. ఈళ్లేం పాపం చేసినార్రా? బోసి తలల్తో తిరుగుతుంటే, నా దరిద్రం ఈళ్లకీ అంటుకుందని ఎంత ఏడ్సినానో!"

అమ్మ ఏడవకూడదని చేసిన పని అమ్మని మూడేళ్లు ఏడిపించింది! కళ్లనీళ్లు జలజలా రాలుతుంటే పైడిబాబు తల్లి కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"తప్పయిపోయిందమ్మా."

"లే, లే. మోండా మార్కెట్‌కెళ్లి మూడు మూరల మల్లెపూలు పట్రా."

"మూడా?"

"నీ పెళ్లానికొకటి, దేవికకొకటి." అచ్చియమ్మ నెరిసిన ముడి సవరించుకుంది. "నాకొకటి."