గోడేదో, తలుపేదో

పొద్దున్నే గుమ్మానికి తగిలించిన సంచిలో పాల ప్యాకెట్లు పడిన చప్పుడు విని భూలక్ష్మి మంచం దిగింది. ఎడమ అరచేతిని గోడకు ఆనించి, పాదాలు ఎత్తకుండా జరుపుకుంటూ హాల్లోకి వచ్చింది. పుప్పాలగూడలోని ఆ ఫ్లాటుకు రంగులు వేయించి వారం దాటినా కొత్త వాసన ఇంకా పోలేదు. కూతురు ఉమాశ్రీ ఒక చేత్తో లాప్‌టాప్ సర్దుకుంటూ ఇంకో చేత్తో కాఫీ తాగుతోంది.

"అమ్మా, గోడకు చెయ్యి పెట్టకే. మరకలు పడ్తయి."

"పెడ్తలేను బిడ్డా," అంటూ భూలక్ష్మి చేయి తీసేసింది. తీయగానే కాళ్ల కింద నేల ఎక్కడుందో తెలియనట్టయింది.

ఆ రంగు కోసం ఉమ ఎన్నో నెలలు వెతికింది. వార్మ్ గ్రే. బూడిద రంగే, కానీ అందులో కాస్త గోధుమ చాయ కలిసి ఉంటుంది. అందుకే చూపుకు చల్లగా కాకుండా వెచ్చగా ఉంటుందట. గోడ మీద అక్కడక్కడా అరచేయంత మేర వేయించి, ఎండలో ఎలా ఉందో, సాయంత్రం లైట్ల కింద ఎలా ఉందో చూసి, సోఫా గుడ్డ పక్కన పెట్టి చూసి ఖాయం చేసుకుంది. గోడలు, తలుపులు, గుమ్మాలు, అల్మారాలు అన్నిటికీ అదే వేయించింది. "పొద్దంత స్క్రీన్ జూసి జూసి వస్తనమ్మా. ఇంట్లకొస్తె కండ్లకు హాయిగ ఉండాలె," అని మురిసిపోతూ చెప్పింది.

ఆ మాటకు భూలక్ష్మి నవ్వలేకపోయింది.

ఇంతకుముందు తెల్లటి గోడల మధ్య ముదురు రంగు తలుపులు ఆమెకు నల్లటి మచ్చల్లా ఆనేవి. ఆ మచ్చల వైపు నడిచేది. ఇప్పుడు ఇల్లంతా ఒకటే మంచు. గోడ ఎక్కడ ఆగుతుందో, తలుపు ఎక్కడ మొదలవుతుందో తెలియదు. జనగామలో మిషన్ కుట్టి కూతుర్ని ఇంజనీరింగ్ చదివించిన మనిషి ఆమె. జాకెట్టు ముక్కను ఒక్కసారి చూసి, డబ్బాలోంచి సరిగ్గా అదే చాయ దారం తీసేది. ఆ కళ్లు ఇప్పుడు గుమ్మాన్ని పోల్చుకోలేకపోతున్నాయి.

జనగామలో ఉండగానే ఆమెకు సూదిలో దారం ఎక్కడం మానేసింది. సర్కారు దవాఖానకు వెళితే డాక్టరు నీటికాసులని చెప్పాడు. చూపు నరం దెబ్బతింటోందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది నిలబడాలంటే చుక్కల మందు ఒక్క రోజు కూడా మానొద్దనీ అన్నాడు. ఆ తర్వాత మనవరాలు రసజ్ఞ పుట్టింది. ఉమ మళ్లీ ఉద్యోగంలో చేరాల్సి వచ్చి తల్లిని తెచ్చుకుంది. తెచ్చుకున్న మందు అయిపోయాక భూలక్ష్మి ఎవరినీ అడగలేదు. ఒక్కతే లిఫ్టు దిగి, రోడ్డు దాటి మందుల దుకాణానికి పోయే ధైర్యమూ చేయలేదు.

అడిగితే అన్నీ చెప్పాలి. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఆమె అత్తకు కూడా చివరికి చూపు పోయింది. ముసలామెను తలుపు పక్కన కూర్చోబెట్టి, కంచం చేతికిచ్చి, ఎవరి పని వాళ్లు చేసుకునేవారు. వాళ్లలో భూలక్ష్మి కూడా ఉంది. ఏ పనీ లేని మనిషితో ఎవరూ మాట్లాడకపోవడం ఆమె కళ్లారా చూసింది. రసజ్ఞను ఆడించడం, అన్నం తినిపించడం, నిద్రపుచ్చడం, ఈ ఇంట్లో ఆమెకున్న చోటంతా అదే. అది కూడా పోతే ఇంకేం మిగులుతుంది?

రంగులు వేసిన మర్నాడే పిల్లను ఎత్తుకుని వస్తుంటే భుజం గుమ్మానికి కొట్టుకుంది. పిల్లకు తగల్లేదు. కానీ ఆ రోజు నుంచి భూలక్ష్మి పిల్లను ఎత్తుకుని నడవడం మానేసింది. "చేతులు గుంజుతున్నయి" అని చెప్పి, కూర్చున్న చోటే ఆడించేది. వంటింటి గట్టు మీద పెట్టిన స్టీలు పాలగిన్నె గట్టులో కలిసిపోయి, చేయి తగిలి ఒలికిపోయింది. ఉమ పెదవి బిగించి తుడిచింది.

చివరికి భూలక్ష్మికి ఒక ఉపాయం తోచింది. కూతురూ అల్లుడూ ఆఫీసుకు పోయాక పసుపు తడిపి, ప్రతి గుమ్మం అంచునా, ప్రతి తలుపు అంచునా, కంటికి ఆనే ఎత్తులో వేలితో రాసింది. ఆ బూడిద మంచులో పసుపు చుక్కలు కనబడ్డాయి. ఆ రోజు ఇల్లంతా తిరిగింది. ఎన్నాళ్ల తర్వాతో చేతులు చాచకుండా నడిచింది.

మర్నాడు శనివారం ఉమ ఆఫీసు స్నేహితులు ఇల్లు చూడటానికి భోజనానికి వస్తున్నారు. పొద్దున అద్దాలు తుడుస్తూ ఉమ గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"ఏందే అమ్మా ఇది? గుమ్మాలకు, తలుపులకు అన్నిటికి పసుపు పూసినవా?"

"శుభమని... కొత్త రంగులేసినం గదా..."

"శుభమా! నీకు మొదటి రోజు సందే నచ్చలే. బూడిద పూసినట్టున్నదన్నవు. అప్పటి సంది జూస్తున్న. పిల్లనెత్తుకోమంటె చేతులు గుంజుతున్నయంటవ్. పాలు ఒలకబోస్తవ్. నేనింటికి రాంగనే పోయి గదిల కూసుంటవ్. నా ఇల్లు నీకు ఇష్టం లేదంటె సీదా చెప్పరాదు? గిట్ల ఖరాబ్ జేసుడెందుకు?"

"ఉమా, జర మెల్లగ మాట్లాడు," అన్నాడు అల్లుడు రవీందర్, వంటింట్లోంచి వస్తూ. "అత్తమ్మ ఏదో తెలువక..."

"తెలువక కాదు, మొండితనం. నాన్న పోయిన కాడికెల్లి అంతే. తను అన్నదే నడవాలె." ఉమ అద్దాలు తుడిచే గుడ్డను సోఫా మీద పడేసింది. "పుట్టి బుద్ధెరిగిన సంది అద్దింట్ల బతికినం. నాకంటూ ఒక ఇల్లు, నాకు నచ్చినట్టు చేసుకున్న. అది గూడ నీకు ఓర్వబుద్ధి గాలే."

చెప్పాల్సిన మాట భూలక్ష్మి నాలుక చివరిదాకా వచ్చింది. పిల్ల అప్పుడే వచ్చి ఆమె చీర పట్టుకుంది. భూలక్ష్మి ఆ మాటను మింగేసింది.

"తుడుస్త బిడ్డా. వాళ్లు రాకముందే తుడుస్త."

సబ్బు నీళ్లతో, పాత గుడ్డతో ఒక్కో గుమ్మం తుడిచింది. తుడిచిన కొద్దీ ఇల్లు మళ్లీ మంచులోకి పోయింది.

రవీందర్ స్వీట్లు తేవడానికి మణికొండకు వెళ్లాడు. ఉమ స్నానానికి వెళుతూ, అంత మాటన్నందుకు లోపల్లోపల నొచ్చుకుందేమో, పిల్లను తెచ్చి తల్లి చేతుల్లో పెట్టింది. "జర పట్టుకోవే. ఇప్పుడే వస్త."

కాదనడానికి భూలక్ష్మికి మనసొప్పలేదు. పొద్దున్నే అన్ని మాటలు పడింది. ఈ ఒక్కసారికి ఏం కాదులే అనుకుంది. ఉమ కనబడకపోయేసరికి పిల్ల ఏడుపు అందుకుంది. బెడ్‌రూములో నీళ్ల చప్పుడు వినబడేచోటికి తీసుకుపోదామని లేచింది. తలుపు సగం తెరిచి ఉంది. దాని అంచు ఆమెకు కనబడలేదు. దారి ఉందనుకున్న చోట పిల్ల నుదురు ఠప్పున కొట్టుకుంది.

పిల్ల కెవ్వుమంది. భూలక్ష్మి అరచేతికి వెచ్చగా, జిగటగా తగిలింది.

తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చిన ఉమ పిల్లను లాక్కుంది. నెత్తురు చూసి ఒళ్లు మరిచి అరిచింది. "అంత పెద్ద తలుపు! కండ్లు కనబడ్తలేవా నీకు?"

"కనబడ్తలేవు బిడ్డా," అంది భూలక్ష్మి.

ఉమ తలెత్తి చూసింది. తల్లి తనవైపు కాదు, తనకు కాస్త పక్కగా ఉన్న ఖాళీ గోడ వైపు చూస్తూ నెత్తురంటిన చేతులు చాచి నిలబడి ఉంది.

భోజనాలు ఆగిపోయాయి. పిల్లకు కుట్లు పడ్డాయి. భయం లేదన్నారు. ఆ తర్వాత ఉమ తల్లిని గచ్చిబౌలిలో కంటి డాక్టరమ్మకు చూపించింది. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి చాలా నెమ్మదిగా మాట్లాడింది. నరం చాలావరకు పోయిందని, మందు ఆపకుండా వాడి ఉంటే ఇంకొంత చూపు నిలిచేదని, ఇప్పుడిక మిగిలింది ఎన్నాళ్లుంటుందో చెప్పలేమని అంది.

కారు రవీందర్ నడుపుతున్నాడు. నిద్రపోయిన పిల్లను ఒళ్లో వేసుకుని వెనక తల్లి పక్కన కూర్చున్న ఉమ అడిగింది. "మందు అయిపోయిందని ఒక్క మాట ఎందుకు చెప్పలేదే? నేనేం కానిదాన్నా?"

"చెప్తె పిల్లను నా చేతికిస్తుంటివా?"

ఉమ నోరు తెరిచింది. ఇచ్చేదాన్నని అబద్ధం చెప్పలేకపోయింది. కారు కిటికీకి నుదురు ఆనించి, మొగుడు వింటున్నాడని కూడా చూడకుండా వెక్కి వెక్కి ఏడ్చింది. "నిన్నెన్ని మాటలన్ననే. గుడ్డ తెచ్చి తుడుస్తుంటె నిలబడి జూసిన. నా తల్లివి నువ్వు. నడుస్తున్న తీరు జూసైనా తెలుసుకోకపోతిని."

"నేను దాస్తె నీకెట్ల తెలుస్తది? ఊకో."

"ఇప్పుడు ఎంత కనబడ్తదమ్మా?"

భూలక్ష్మి ఆమె వైపు తిరిగి, తల అటూ ఇటూ కదిలించి చూసింది. "నీ మొకం నడుమ కనబడ్తది. చుట్టూత పొగ."

ఇంటికి రాగానే ఉమ కళ్లు తుడుచుకుని ఫోను తీసింది. "రంగులోళ్లను పిలుస్త. తలుపులకు ఎర్రది ఏపిద్దాం. లేకుంటె నీలంది. ఇల్లెట్లుంటె నాకేంది, నీకు కనబడాలె."

"ఏ రంగేస్తె ఏముంది బిడ్డా," అంది భూలక్ష్మి. అందులో నిష్ఠూరం లేదు. "అది గూడ కొన్ని రోజులకు ఇట్లనే అయితది. తప్పు రంగుది కాదు."

ఉమ ఫోను పక్కన పెట్టేసింది.

భూలక్ష్మి గోడ వారగా నేల మీద కూలబడింది. రవీందర్ చంకలోంచి జారి దిగిన రసజ్ఞ, నుదుటి కట్టుతో, తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి అమ్మమ్మ ఒళ్లోకి ఎక్కింది. భూలక్ష్మి చేతులు రెండూ వెనక్కి తీసుకుంది. ముట్టుకుంటే ఏమవుతుందోనన్నట్టు వాటిని గోడకు అదిమి పెట్టింది.

"తీస్కపో బిడ్డా. నన్ను ముట్టనియ్యకు," అంది.

ఉమ వచ్చి ఎదురుగా కూర్చుంది. గోడకు అదిమిన ఆ చేతుల్ని ఒక్కొక్కటిగా తీసి, ముందుకు తెచ్చి, పిల్ల చుట్టూ చుట్టింది. వాటి మీద తన చేతులు వేసి పట్టుకుంది. పిల్ల కాసేపు కదిలి అమ్మమ్మ గుండెల మీద తల వాల్చింది. ఎవరూ లేవలేదు. కిటికీలో వెలుతురు తగ్గిపోతున్నా ఉమ లైటు వేయడానికి కూడా ఆ చేతులు వదల్లేదు.