తాళం లేని బోను

“రాణిగారు ఎలుగైపోయారహో!” అని దండోరా బసవడు గొంతు చించుకున్నాడు. గవ్వలకోట జనం “వెలుగైపోయారు” అని విన్నారు. రాణి పరలోకానికి పోయిందనుకుని ఇంటింటా దీపం పెట్టి ఏడుపు లంకించుకున్నారు. “కాదు మొర్రో” అన్న బసవడి మాట ఆ ఏడుపుల్లోనే మునిగిపోయింది.

రాజకుమారి కువలయ మాత్రం ఏడవలేదు. కత్తి నూరింది. తేనెపట్టుల అడవి తనకివ్వలేదన్న కక్షతో మాంత్రికుడు ఘటికుడు ఆమె తల్లిని ఎలుగుబంటిగా మార్చి బోనులో పెట్టాడు మరి!

“వాడిది మంత్రమైతే నాది యంత్రం. గానుగలో వేసి పిండుతాను!” అంటూ బయలుదేరింది. ముళ్ళ అడవి దాటింది, మొసళ్ళ మడుగు ఈదింది. కొండకొమ్మున ఒక ముని ఎదురయ్యాడు.

“ఇది కత్తికి తెగే మంత్రం కాదు తల్లీ! మీ అమ్మ తనంతట తాను బోను గడప దాటాలి. దాటిందా, ఆ మంత్రం వేసినవాడికే చుట్టుకుంటుంది.”

ఘటికుడి గుహ ముందు, బోను పక్కన, కాపలా రాక్షసుడు పకపకా నవ్వాడు. “బోనుకి తాళమే లేదు పిల్లా! పిలుచుకో, వస్తుందేమో!”

కువలయ తలుపు బార్లా తెరిచింది. ఎలుగు కదలలేదు. గంట మోగితే కంచం వస్తుంది. కంచం ఖాళీ అయితే మళ్ళీ గంట కోసం ఎదురుచూపు. మధ్యలో తల అటూ ఇటూ ఊపడం, ముంగాళ్ళ బొచ్చు పీక్కోవడం. కన్నకూతురి వాసన కూడా పట్టలేదు. కువలయ పళ్ళు పటపటా కొరికింది.

రాణి పుట్టినిల్లు తేనె తీసేవాళ్ళది. పట్టు కోసినప్పుడల్లా ఎలుగుల వంతు తొర్రలో పెట్టి, మట్టితో మూసి రావడం వాళ్ళ ఆచారం. “మూయడం దేనికమ్మా?” అని చిన్నప్పుడు అడిగితే, “వెతుక్కునే పని లేకపోతే అది దిగులు పడుతుందే” అనేది అమ్మ.

“రాక్షస మామా, ఇకమీదట మేత నేను పెడతాను.”

“పెట్టుకో, నాకు నిద్ర మిగులుతుంది!”

కువలయ కంచం విసిరికొట్టింది. బోనులోకి ఒక మొద్దు దొర్లించి, దాని తొర్రలో తేనెపట్టు పెట్టి మట్టి మెత్తింది. ఎలుగు పట్టించుకోలేదు. మర్నాడు ముక్కెత్తింది. ఆ తర్వాత గోళ్ళు వేసింది. ఇప్పపూలు రాళ్ళ కింద, చెదపురుగులు దుంగలో... రోజుకో చోట దాచింది. తల ఊపడం తగ్గింది, బొచ్చు మొలిచింది. చివరికి పట్టును గడప అవతల దాచింది.

ఎలుగు గాలి పీల్చింది. కదిలింది. గడప దాటింది.

“కువలా!” అంది రాణి.

గుహ లోపల ఘటికుడి కేక సగంలోనే ఎలుగు అరుపుగా మారింది. బోను వాణ్ణి లాగి మింగేసింది. రాక్షసుడు కాళ్ళకు బుద్ధి చెప్పాడు. కువలయ ఈసారి తాళం వేసింది.

“పాపం, వీడికీ ఒక పట్టు దాచుదామా?” అంది రాణి.

“వద్దమ్మా! వేళకు గంట, వేళకు కంచం. నీకు వాడు పెట్టిందే వాడికి నేను పెడతాను.”

బోను బండి ఊళ్ళోకి వచ్చేసరికి దీపాలింకా వెలుగుతూనే ఉన్నాయి. నడిచొస్తున్న రాణిని చూసి దయ్యమనుకుని జనం పరుగు తీశారు. బసవడు డప్పు కొడుతూ అరిచాడు.

“ఆగండ్రా! నేనన్నది వెలుగు కాదు, ఎలుగు! రాణిగారు పోనే లేదు!”

“మరి ఆ ఎలుగేదిరా?” అంది ఒక ముసలమ్మ.

కువలయ బోను వైపు చెయ్యి చూపింది. అందులో ఘటికుడు తల అటూ ఇటూ ఊపుతూ, గంట కోసం చూస్తున్నాడు.