గరాచర్మలో నీలిచుక్క

"సముద్రం ఉప్పగా ఉందా?" ఫోన్లో చీఫ్ అడిగాడు.

"ఉప్పు మానెయ్యమన్నాడు డాక్టరు," అన్నాడు ఏజెంట్ తిరుమలరావు. కోడ్ కుదిరింది.

"విను. దీవుల్లో, గరాచర్మ అనే ఊళ్లో ఒక ప్రైవేట్ డయాలసిస్ సెంటర్. దాని వెనకే ల్యాబ్. అక్కడ మనవాళ్లు ఒక చిప్ తయారుచేశారు. పేరు నీలిచుక్క. ఒక్క చుక్క మూత్రం చాలు, కిడ్నీ పాడవటానికి ఏళ్ల ముందే చెప్పేస్తుంది. అప్పటికి మందులతో ఆపుకోవచ్చు. డిజైన్ మొత్తం ఆ చిప్‌లోనే ఉంది. విదేశీ ముఠా ఒకటి దాని మీద కన్నేసింది. సెంటర్లో టెక్నీషియన్ భానుశ్రీ మన ఇన్ఫార్మర్. పదేళ్లుగా డయాలసిస్ వార్డుల్లోనే ఉందట. నువ్వు పేషంటుగా వెళ్లు."

"మేకప్?"

"నీకెందుకయ్యా?"

నిజమే. తిరుమలరావు కిడ్నీలు చేతులెత్తేసి రెండేళ్లయింది. అప్పట్నుంచీ డిపార్ట్‌మెంట్ అతన్ని ఓ మూల టేబుల్ దగ్గర కూర్చోబెట్టి మర్చిపోయింది. మళ్లీ పని దొరికింది ఆ జబ్బు పుణ్యమా అనే.

పేరు రమణయ్య, ఊరు ప్రోతరాపూర్, సిమెంట్ కాంట్రాక్టర్. జేబులో మైక్ ఉన్న పెన్ను. అంతే వేషం.

సీతాలు సిస్టర్ సూదులు గుచ్చి వెళ్లిపోయేది. మెషీన్ రొద పెడుతుండేది. అప్పుడు భానుశ్రీ స్టూల్ లాక్కుని పక్కన కూర్చునేది. సినిమాల్లో ఉండాల్సిన మనిషి. పేషంట్ల పిల్లల దగ్గరా, తమ్ముళ్ల దగ్గరా చిప్ టెస్టుకి శాంపిళ్లు తీసుకోవడం ఆమె పని.

"రమణయ్యగారూ, మీ తరఫున ఎవరూ రారా?"

"లేరండీ." ఆ జవాబు మాత్రం వేషం కాదు.

"అరె! పోనీ, తిన్నారా?"

రెండేళ్లలో ఆ మాట అడిగిన మనిషి ఆమే. డ్యూటీ అని ఎంత సర్దిచెప్పుకున్నా, తిరుమలరావు డయాలసిస్ రోజు కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాడు. సిగ్గుపడాల్సిన సంగతే.

ఆ రోజు ఎండ మండిపోతోంది. తూలుతూ గేటు దాటాడు. ఐస్‌బాక్స్ భుజాన వేసుకుని భానుశ్రీ వెనకే వచ్చి, సూరయ్య బండి మీంచి కొబ్బరిబొండం కొట్టించి అతని చేతిలో పెట్టింది. "తాగండి, ప్రాణం లేచొస్తుంది."

"పీజియే భయ్యా, దీదీ అంత ప్రేమగా ఇస్తుంటే," అన్నాడు సూరయ్య.

ఆ దీవుల్లో అలిసినవాడికి ఎవరైనా ఇచ్చేది బొండమే. కానీ డయాలసిస్ పేషంటుకి అది విషం. అందులోని పొటాషియాన్ని చెడిన కిడ్నీలు బయటికి పంపలేవు, గుండె ఆగిపోవచ్చు. వార్డులో ఎవరికైనా మొదట నేర్పే పాఠం అదే. పదేళ్ల టెక్నీషియన్‌కి తెలియకపోవడమా? ఈమె టెక్నీషియన్ కాదు. లేదా, తెలిసే ఇచ్చింది.

అతను తేరుకునేలోపు ఆమె ఆటో ఎక్కి, డ్రైవరుకి జెట్టీ అని చెప్పేసింది. ల్యాబ్ సెంటర్ వెనకే ఉండగా ఆ ఐస్‌బాక్స్ బయటికెందుకు?

"సార్, భానుశ్రీ డబుల్ ఏజెంట్," పెన్ను నొక్కి చెప్పాడు. "చిప్ ఐస్‌బాక్స్‌లో ఉంది. జెట్టీకి కోస్ట్‌గార్డుని పంపండి."

బొండం బండి మీదే పెట్టేసి తనూ ఇంకో ఆటో ఎక్కాడు. జెట్టీలో ఒక విదేశీ విలాసనౌక, యాట్, ఇంజన్ స్టార్ట్ చేసి ఉంది. ఆమె ఒక కాలు దాన్లోకి ఎక్కే పలక మీద వేసింది. సూదులు గుచ్చే చేత్తో బరువు లాగకూడదని తెలిసీ, అందిన ఆ చేత్తోనే బాక్స్ పట్టీ పట్టుకుని లాగాడు. బాక్స్ జెట్టీ మీద పడి పగిలింది. ఐసు ముక్కల కింద నీలిచుక్క. కోస్ట్‌గార్డు బోటు యాట్‌కి అడ్డం వచ్చేసింది.

ఆమెకి బేడీలు వేస్తున్నారు. తిరుమలరావు ఆయాసపడుతూ దగ్గరికెళ్లాడు. "ఆ బొండం నన్ను చంపడానికేనా?"

ఆమె తెల్లబోయింది. "చంపడమేంటి? ఎండలో నీరసంగా కనపడ్డారు. అందుకే ఇచ్చాను."

చంపడానికే అని ఉంటే ఎంత బాగుండును! అతనికి ఏడుపొచ్చింది.

నెల తిరక్కుండా డిపార్ట్‌మెంట్ నుంచి కబురొచ్చింది. తిరుమలరావుకి ప్రశంసాపత్రం ఇస్తారట, సభకి కుటుంబసమేతంగా రమ్మన్నారు.