ఎర్రనీటి వేళ లోవమ్మ రాసిన కబురు

“అమ్మా, పప్పు తర్వాత తాలింపు పెట్టుకోవచ్చు గానీ ఓసారిలా రా. నీకు కొత్త ఇల్లు కట్టిపెట్టాను,” అంటూ బేబీ వంటింటి గడప దగ్గర నిలబడి ఫోన్ ఊపింది.

లోవమ్మ చేతిలో గరిటె పట్టుకునే వచ్చింది. కొత్త ఇల్లంటే ఫోన్‌లోదే. నెల క్రితం ఎవడో పుణ్యాత్ముడు బేబీ ఫొటోలు ఎత్తుకుపోయి, ఆమె పేరుతోనే ఇంకో అకౌంటు తెరిచి, తెలిసినవాళ్ళందరికీ చెత్త రాతలు రాశాడు. ఆ కంపెనీకి ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా ఉలుకూ పలుకూ లేదు. దాంతో బేబీ ఆ కొంపకి తాళం పడేసి, తనతోపాటు తల్లినీ పిన్నినీ ‘గోదారిగూడు’ అనే చోటికి మార్చింది. దాన్ని రాజమండ్రిలో గణేష్‌బాబు అనే లెక్చరర్ తన స్నేహితులతో కలిసి నడుపుతున్నాడట.

“దీనికి ఓనరు ఆయనేనా?”

“అన్నిటికీ కలిపి ఒక్క ఓనరంటూ ఉండడమ్మా. ఇలాంటివి బోలెడున్నాయి. ఊళ్ళ లాంటివనుకో. ఏ ఊరి పెద్ద ఆ ఊరికే. కానీ ఈ ఊళ్ళో రాసింది ఆ ఊళ్ళోవాళ్ళు కూడా చదవొచ్చు. నాన్నతో చేపల వేటకెళ్ళేవాళ్ళంతా ‘వలగట్టు’ అని వేరే పెట్టుకున్నారు. నాన్నని అందులో చేర్చేశాను.”

“అయితే రేపేదన్నా తేడా వస్తే ఎవరి కాళ్ళు పట్టుకోవాలే?”

“అడుగుపెట్టకుండానే తేడా అంటావేంటి? నువ్వు మరీనూ!” అని కూతురు నవ్వేసి, ఎలా రాయాలో చూపించింది. తాళం గుర్తు పెడితే ఆ మాట అందరికీ కనబడదు. @ గుర్తు నొక్కితే తెలిసినవాళ్ళ బొమ్మలు వరసగా వస్తాయి. కావలసిన మనిషి మీద వేలు పెడితే చాలు. ఇంతవరకు చెప్పి బేబీ స్నానానికి వెళ్ళిపోయింది.

లోవమ్మకి ఆ చోటు ఏమంత నచ్చలేదు. పాతదాంట్లో వేలు పెట్టడం పాపం, చీరలూ నగలూ వంటలూ డాన్సులూ మీద పడిపోయేవి. ఇక్కడ అడిగే నాథుడు లేడు. పాలకొల్లులో ఎవరో మందార మొక్క ఫొటో పెట్టారు. ఇంకెవరో వాన పడుతోందని రాశారు, అంతే. ఎవరు ముందు రాస్తే వాళ్ళది ముందుంది, తోపులాట లేదు. కరెంటు పోయిన వీధిలో ఒంటరిగా నిలబడినట్టు ఆమెకి బెరుగ్గా అనిపించింది. మళ్ళీ వెంటనే, ఇంత నిర్మానుష్యంగా ఉన్నచోట ఒక మాట రాస్తే ఎవరి చెవిన పడుతుందిలే అని కూడా అనిపించింది.

ఆమెకి రాయవలసిన మాట ఒకటుంది మరి.

కిందటి వారం చెల్లెలు వీరదుర్గతో పెనుగొండ అమ్మవారి గుడికి వెళ్ళొస్తానని మొగుడితో చెప్పి బయలుదేరింది. గుడికి వెళ్ళిన మాట నిజమే. అక్కడినుంచి చెల్లెలి ఊరు తణుకు వెళ్ళి ఆసుపత్రిలో పరీక్ష చేయించుకున్న మాట మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎడమ రొమ్ములో చింతగింజంత గడ్డ. డాక్టరమ్మ సూది పెట్టి ముక్క తీసింది. రిపోర్టు రేపొస్తుంది.  స్నానం చేసినప్పుడల్లా లోవమ్మ చెయ్యి అక్కడికే పోతోంది.

ఇంట్లో చెప్పకపోవడానికి కారణముంది. గోదావరికి వరద ఎర్రనీరు తగిలి పులస చేపలు ఏటికి ఎదురెక్కే రోజులివి. నీళ్ళ మీదికి వెళ్ళే మగాడి చెవిన చెడ్డ కబురు వెయ్యకూడదని అత్తగారు నేర్పిన నియమం. మనసు చెదిరినవాడి చేతిలో వల నిలవదనేది ఆవిడ. పోయిన ఏడు ఇదే రేవులో ఉండే ముసలయ్య పడవ ఈ ఎర్రనీట్లోనే తిరగబడింది. శవం అంతర్వేది దగ్గర తేలింది. అందుకే ఆ ఉదయం మొగుడు పల్లంరాజు వల భుజాన వేసుకుని, “ఏమే, మొహమలా వేలాడేశావేంటి?” అని అడిగినా, “నిద్ర చాల్లేదండి,” అని నవ్వి పంపేసింది.

బేబీ స్నానం ముగిసేలోగా చెల్లెలికి తాళం గుర్తు పెట్టి రాయడం మొదలుపెట్టింది. రేపు తాను ఒక్కతే ఆసుపత్రికి వెళ్ళి రిపోర్టు తీసుకుంటుంది, వీరదుర్గ డ్యూటీ మానక్కర్లేదు. గడ్డ చెడ్డదైతే అది తర్వాత చూసుకోవచ్చు. తనకేం భయం లేదు. పులసల కాలం అయ్యేదాకా...

ఇక్కడ వేలు ఆగింది. “మీ బావకి చెప్పకు” అని రాద్దామంటే వీరదుర్గకి బావలు ఇద్దరు. పెద్దక్క మొగుడు త్రిమూర్తులు వాళ్ళ పక్కింట్లోనే ఉంటాడు, అతనే అనుకుంటుందేమో. పేరు రాద్దామా అంటే, పెళ్ళయిన దగ్గర్నుంచి మొగుడి పేరు ఆమె నోటినుంచి రాలేదు, చేత్తో రాయనూ లేదు. రేషన్ షాపులో అడిగినా కూతురు చెప్పాల్సిందే. అప్పుడు గుర్తొచ్చింది బేబీ చూపించిన ఉపాయం. @ నొక్కింది. బొమ్మల వరసలో తువ్వాలు తలకి చుట్టుకుని పల్లంరాజు కనిపించాడు. ఆయన మీద వేలు పెట్టింది. పేరు ఫోనే రాసుకుంది. ‘హమ్మయ్య’ అనుకుని, పక్కన “కి తెలియనివ్వకు” అని చేర్చి పంపేసింది.

గిన్నెలు తోముతుండగా ఫోన్ టింగుమంది. వీరదుర్గ.

“అక్కా! ఎంత పని చేశావే! ఇందులో బావగారు కూడా ఉన్నారు కదే!”

లోవమ్మకి ముందు అర్థం కాలేదు. ఎందులో ఉన్నారు? ఆయన గోదారి మీద కదా ఉన్నారు?  తల తుడుచుకుంటూ వచ్చిన కూతురి చేతిలో ఫోన్ పెట్టింది.

“ఇదేంటో చూడవే.”

బేబీ చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. తువ్వాలు జారి కింద పడింది.

“గడ్డేంటమ్మా? రిపోర్టేంటి? నువ్వు వెళ్ళింది గుడికి కాదా?”

“అది తర్వాతే! ముందు ఆయనకి పోయిందా చెప్పు! తాళం పెట్టాను కదా!”

“తాళం పెట్టినా, ఆ గుర్తుతో ఎవరి పేరుంటే వాళ్ళ చేతికి తాళంచెవి ఇచ్చినట్టేనమ్మా! నాన్నకి చెప్పద్దని నాన్నకే రాశావు!”

“చెరిపెయ్యవే తల్లీ, నీకు పుణ్యముంటుంది, చెరిపెయ్యి!”

బేబీ చెరిపింది. తమ దగ్గర మాయమైంది. వలగట్టులో కూడా మాయమైందో లేదో తెలియక గణేష్‌బాబుకి ఫోన్ చేసింది. “కబురు అటువైపు చేరిపోయిందమ్మా. చెరపమని మన సిస్టం అడుగుతుంది గానీ, అక్కడ నా పెత్తనం లేదు. ఆయన ఈపాటికే చూసేసి ఉంటే ఎవరేం చేస్తారు?” అన్నాడాయన. ఎవరి కాళ్ళు పట్టుకోవాలని పొద్దున అడిగిన మనిషికి, పట్టుకోవడానికి కాళ్ళే లేవని ఇప్పుడు తెలిసింది.

తండ్రి ఫోన్ రింగవుతోంది, ఎత్తడం లేదు. పడవలో తోడున్న బుల్లియ్యదీ అంతే.

“నాకైనా చెప్పలేకపోయావా? నేనేమైనా పరాయిదాన్నా?” అని బేబీ ఏడుపు మొదలెట్టింది. లోవమ్మ అప్పటికే గడప దాటింది. చెప్పులు కూడా వేసుకోకుండా రేవు వైపు పరుగెత్తింది.

గోదావరి ఎర్రగా, ఒరుసుకుంటూ పోతోంది. దుంగలు, గుర్రపుడెక్క కొట్టుకొస్తున్నాయి. చినుకులు మొదలయ్యాయి. నడి ఏట్లో వల దింపే మనిషి ఆ కబురు చదివి ఉంటే? చదివి కాలు జారి ఉంటే? “అమ్మా గంగమ్మా, ఆ గడ్డేదో నన్ను తీసుకుపోనీ, ఆయన్ని ఒడ్డుకి చేర్చు,” అని లోవమ్మ గొణుక్కుంటూ నీళ్ళ వైపే చూస్తోంది. బేబీ వచ్చి ఏడుస్తూనే తల్లి మీద గొడుగు పట్టింది.

ఎంతసేపటికో వంపు దగ్గర పడవ కనిపించింది. ఇంజను దగ్గర బుల్లియ్య ఒక్కడే నిలబడి ఉన్నాడు.

లోవమ్మ బురదలో కూలబడింది. “నాన్నా!” అని బేబీ కేక పెట్టింది. పడవ దగ్గరికి వచ్చాక గానీ తెలియలేదు, పల్లంరాజు అడుగున వల మీద కూర్చుని, ఫోన్ రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

ఒడ్డు దిగాడు. బురదలో కూర్చున్న పెళ్ళాన్ని లేవనెత్తాడు. ఇంటికి తీసుకొచ్చాడు. లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేశాక అడిగాడు.

“ఒక్కదానివే వెళ్దామనుకున్నావా?”

“నీళ్ళ మీద ఉండే మనిషికి చెప్పకూడదని...”

“మా అమ్మ చెప్పిందా? మా నాన్న క్షయతో దగ్గుతుంటే ఆవిడ ఆ మాట దాచిందా? ఊరంతా చెప్పుకుని ఏడ్చింది! నీకొక్కదానికే వచ్చాయా నియమాలు?” ఆయన గొంతు ఇల్లంతా వినబడుతోంది. “వల దింపుతుంటే ఫోన్ మోగింది. చూస్తే నీ బొమ్మ, కింద నా పేరు. పెళ్ళయ్యాక నువ్వు నాకో ముక్క రాసింది లేదు కదా. లోవ నాకు రాసిందిరా అని బుల్లియ్యకి చూపించి మురిసిపోయాను. వాడికి వినబడేలా పైకి చదవడం మొదలెట్టాను.”

ఆయన ఫోన్‌ని గూట్లో బోర్లా పెట్టేశాడు.

లోవమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. గడ్డ తగిలిన రోజున గానీ, సూది పెట్టిన రోజున గానీ రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. తాను మోసినదంతా ఆయన్ని కాపాడటానికే అనుకుంది. ఆయన్ని గడప బయట నిలబెట్టి తలుపేసుకున్నానని ఇప్పుడు తెలిసింది.

“తప్పయిపోయిందండి.”

“భయం లేదని రాశావు. నిజమేనా?”

ఆమె తల అడ్డంగా ఊపింది. “చచ్చేంత భయంగా ఉందండి. అది నన్ను తినేస్తుందేమోనని. బేబీ పెళ్ళి చూడనేమోనని. మీకు అన్నం ఎవరు పెడతారోనని.”

“నాకూ భయంగానే ఉందే,” అన్నాడు పల్లంరాజు. వరదలో పడవ వేసేటప్పుడు కూడా ఆ మాట అనని మనిషి. బేబీ వచ్చి ఇద్దరి మధ్యా కూర్చుంది. 

మర్నాడు రేవులో పడవలన్నీ కదిలాయి, పల్లంరాజు పడవ ఒక్కటే కట్టేసి ఉంది. తణుకు ఆసుపత్రిలో బెంచీ మీద మొగుడూ పెళ్ళాం పక్కపక్కన కూర్చున్నారు. ఆయన చొక్కా తిరగేసి తొడుక్కున్నాడని ఇద్దరిలో ఎవరూ చూసుకోలేదు.

నర్సు తలుపు తీసి పిలిచింది. లోవమ్మ లేచింది, ఆయనా లేచాడు.

“పేషెంట్ ఒక్కరే రండి. మీరు బయట కూర్చోండి.”

పల్లంరాజు బిక్కమొహంతో ఆగిపోయాడు. లోవమ్మ వెనక్కి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

“ఇద్దరం వస్తామండి,” అంది.