తువ్వాల కింద ముఠా

గూఢచారి లింబాద్రి చేతిలో సిగరెట్ కేసంత కెమెరా పెట్టి, పోలీసు అధికారి మొహతమీం సాబ్ కామారెడ్డి స్టేషన్ వెయిటింగ్ రూం తలుపు మూశాడు. అది 1941. యుద్ధ విమానాల ఇంజన్లకు ఆముదం కావాలి. ఒక విదేశీ కంపెనీ గంజ్‌లో, అంటే పంట సరుకుల బజారులో, ఉన్న షావుకార్లను కలుపుకుని ముఠా కట్టింది. పోటీ లేదు, వాళ్ళు పెట్టిందే ధర.

"కూడబలుక్కున్నట్టు రుజువు తే. మాటన్న వినపడాలె, కాగితమన్న దొరకాలె."

"రెండూ లేకుంటే సాబ్?"

"నేరమే లేదు. కానూన్ గట్లనే ఉన్నది."

లింబాద్రికి ఒళ్ళు మండింది. అయినా దొంగ మీసం అంటించుకుని, దలాలి వేషంలో గంజ్‌లో కూర్చున్నాడు.

మొదటి బండి రైతు హన్మవ్వది. ఎల్లారెడ్డిలో ధర గిట్టక ఆముదాల బస్తాలు ఇక్కడికి తోలుకొచ్చింది.

గంజ్‌లో బేరం నోటితో సాగదు. కొనేవాడు తువ్వాల కింద దలాలి వేళ్ళు పట్టుకుంటాడు. ఎన్ని వేళ్ళు పడితే అంత ధర. చివరికి అందరికంటే ఎక్కువ ధర ఒక్కటే దలాలి పైకి చెబుతాడు. పట్టాక మాట తప్పినవాడికి మళ్ళీ గంజ్‌లో చోటుండదు.

మొదటి షావుకారు రెండు వేళ్ళు పట్టాడు. రెండోవాడూ రెండే. మూడోవాడూ అంతే. ముఠా అరచేతికి తగులుతూనే ఉంది, పట్టుకునే దారే లేదు. కెమెరాలో తువ్వాల ఫోటో వస్తుంది. ఈ చట్టం రాసిన మహానుభావుణ్ణి తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టాలనిపించింది లింబాద్రికి.

"ఆడ గదే ధర, ఈడ గదే ధర. గిట్లయితే ఎడ్లను గూడ అమ్ముకోవాలె బిడ్డా. ఇగ యాడికి పోవాలె?" అంది లింబాద్రి చెప్పిన ధర విన్న హన్మవ్వ.

ఆమె సరేనని తల ఊపబోతుండగా పట్టుచీర, నల్ల కళ్ళద్దాలతో తార వచ్చింది. కంపెనీ తరఫున సరుకు కొంటూ, లింబాద్రి డిపార్ట్‌మెంటుకు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్.

"మంజీర మీద మబ్బు పట్టింది," అంది కోడ్‌లో.

"సాగర్‌ల వాన పడ్డది," అని జవాబు కోడ్ చెప్పాడు లింబాద్రి.

తార తువ్వాల కింద చెయ్యి పెట్టి, అయిదు వేళ్ళూ బిగించి పట్టింది.

"నీ నౌకరి పోతది," గొణిగాడు లింబాద్రి.

"పోనీ. మీ కానూన్ చెయ్యనిది నేను చేస్తున్న."

"అయిదు. కంపెనీ," అని లింబాద్రి గట్టిగా చెప్పాడు. "ఇచ్చిన," అంది హన్మవ్వ. షావుకార్ల ముఖాలు మాడిపోయాయి. కంపెనీ తమను ముంచి సరుకంతా ఎత్తుకుపోతోందనుకున్నారు. రెండో బండి దగ్గర ఒకడు నాలుగు వేళ్ళు పట్టాడు, ఇంకొకడు అయిదు వేళ్ళూ పట్టి వదిలి, మళ్ళీ ఒకటి పట్టి ఆరుకు పోయాడు.

సాయంత్రం వెయిటింగ్ రూంలో మొహతమీం సాబ్ తీరిగ్గా చాయ్ తాగుతున్నాడు. "ఒక్కొక్కడు ఒక్కో ధర పెట్టిండట. ఇగ ముఠా యాడిది? ఫైలు మూసెయ్. గానీ, ఉన్న ధరను చెడగొట్టి గడబిడ చేసినందుకు గా తార మీద కేసు రాయి."

లింబాద్రి మీసం పీకి బల్ల మీద పడేశాడు. ఈ కేసుకు సాక్షుల కొరత లేదు. ముగ్గురు షావుకార్లూ అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నారు.